ముప్పై బారల కాలువ

అది కింద పెట్టమ్మా మిర్లాంద్. ఊదకు. ఆ శంఖం ఎవరిదంటావా, ఎలిఫెత్ మామది. మీ నాన్నకి తెలుసు ఆయన, చిన్నప్పుడు చూశాడు. పొడుగ్గా, కాస్త వంగి ఉండేవాడు. ఒక చెవి సరిగా వినపడేది కాదు, కుడిదో ఎడమదో, ఇప్పుడు గుర్తు లేదు. శంఖం ఊది ఊది నీ చెవే పోయింది మామా అని మేం ఏడిపించేవాళ్ళం. ఇప్పుడేంటి, శనివారం నువ్వు దీన్ని ఊది ఊళ్ళో వాళ్ళని కాలువ పూడిక తీయడానికి పిలుస్తావా? మీ బడి పంతుళ్ళంతా కలిసి అనుకున్నారా? అనుకోండి, మంచిదే. పొయ్యి మీద అన్నం ఉంది, ఒక కన్నేసి ఉంచు. ఇదేం బియ్యం, ఓడల్లో వచ్చి అంగట్లో అమ్మే ఆ మయామీ బియ్యమేనా? అదేలే. మన ఆర్తిబొనీత్ లోయలో పండిన బియ్యం ఇప్పుడు ఎవరి దగ్గరుంది గనక.

ఏం చెప్తున్నా? ఆ, ఎలిఫెత్ మామ. అప్పట్లో నారు పోసే ముందు, ఇంకా పూర్తిగా తెల్లారకముందే మామ శంఖం ఊదేవాడు. మూడుసార్లు. మూడోది అయ్యేసరికి పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద ఉండాలి. ఎవడి చేను ముందున్న ముక్క వాడిది. నాది ముప్పై బారలు. నీ ముక్క అయిపోతే కూర్చోడానికి లేదు, పక్కన ముసలావిడదో, జ్వరంతో పడుకున్నవాడిదో తీయాలి. ఒకడు డప్పు కొట్టేవాడు, ఒకడు పాటెత్తుకుని రాని వాళ్ళ పేర్లన్నీ ఆ పాటలో ఇరికించి తిట్టేవాడు. ఆ తిట్లకి భయపడే సగం మంది వచ్చేవాళ్ళు, అబద్ధమెందుకు. మధ్యాహ్నానికి మొక్కజొన్న సంకటి, చిక్కుడుగింజల పులుసు, ఇంత చెరకు సారా. కూలీ నాలీ ఏం లేదు. రాజధాని నుంచి రేడియోలో ఎవరో దొరగారు మాట్లాడేవాడు, దేశం తన కాళ్ళ మీద తను నిలబడాలి, ప్రతి పౌరుడూ... అని ముక్కుతో. మామ వినీ వినీ, "దేశం సంగతి నాకు తెలీదురా, నా ముక్క కాలువ సంగతి తెలుసు" అనేవాడు. అప్పుడు నవ్వుకున్నాం.

తర్వాత జీపు వాళ్ళొచ్చారు, పై దేశం నుంచి సాయం చేసేవాళ్ళు. మంచివాళ్ళే, వాళ్ళని అనకూడదు. మీ కాలువ మీరు బాగుచేసుకోండి, అయిదు రోజులు పనిచేస్తే ఒక సంచి బియ్యం ఇస్తాం అన్నారు. ఎవడు వద్దంటాడు చెప్పు? నాకు రెండక్షరాలు వచ్చు కదా, పేర్లు రాసే పని నాకే ఇచ్చారు. మొదటి పేరు నాదే రాసుకున్నా. మామ దగ్గరికెళ్ళి, "మామా, నీ పేరు రాయనా?" అన్నాను. నా చేతిలో కాగితం చూసి, "మన వాకిలి మనం ఊడ్చుకుంటే ఎదురు కూలేంట్రా వీల్నోర్?" అన్నాడు. అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. "నీకు వద్దంటే మానెయ్, నలుగురి నోటి దగ్గర కూడు చెడగొట్టకు" అన్నాను. ఆయన వయసుకి నేనలా మాట్లాడకూడదు. మామ మర్నాడు వచ్చి, తన ముక్క తను తీసుకుని, సంచి ముట్టకుండా వెళ్ళిపోయాడు. అలా మూడేళ్ళు. మూడేళ్ళూ శంఖం ఊదాల్సిన పనే పడలేదు, సంచులు కనపడితే జనం వాళ్ళే వచ్చేవాళ్ళు.

నాలుగో ఏడు జీపు రాలేదు. ఎందుకు రాలేదంటే నాకేం తెలుసు, వాళ్ళకి ఇంకే దేశం కనపడిందో. కాలువ నిండా తుంగ మొలిచింది. ఒకరోజు తెల్లారగట్ల శంఖం వినపడింది. మీ నాయనమ్మ నన్ను లేపి, "మామ పిలుస్తున్నాడు, వెళ్ళవా?" అంది. "జీపు రానీ, చూద్దాం" అని దుప్పటి కప్పుకున్నా. మొదట వెళ్ళినవాడు వెర్రివాడైపోతాడని ప్రతివాడికీ భయం. వరసగా మూడు రోజులు ఊదాడమ్మా. మూడు రోజులూ విన్నాను. నాలుగో రోజు ఊదలేదు.

ఊదడం మానేసి, ఒక్కడే మొదలుపెట్టాడు. మామ చేను కాలువకి ఆ కొసన. పైవాళ్ళ ముక్కలన్నీ తీస్తేగాని ఆయన చేలోకి చుక్క రాదు. డెబ్బై దాటినవాడు, కాలువలోకి నీళ్ళు వదిలే తలగట్టు నుంచి ఒక్కో చేనే తీసుకుంటూ వచ్చాడు. దారిన పోయేవాళ్ళం చూసేవాళ్ళం, "జీపు వాళ్ళు నీ ఒక్కడికే సంచులు పంపుతున్నారా మామా?" అని నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను. మూడు వారాలైంది. ఒక పొద్దున సిగ్గేసి, నేనూ ఒక చెయ్యి వేద్దామని పార తీసుకుని... లేదులే. నీ దగ్గర దాపరికమెందుకు, పార తీసుకెళ్ళలేదు. ఊరికే చూసొద్దామని చేతులూపుకుంటూ వెళ్ళా. నా చేను ముందే ఉన్నాడు. గట్టుకి వీపు ఆనించి, కాళ్ళు బురదలో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పార నిలబడే ఉంది, ఆ బురదలో. పిలిచాను. చెవుడు కదా అని దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచాను.

నా ముప్పై బారల్లో పదిహేను తీశాడమ్మా. గట్టు కూడా పారతో కొట్టి నున్నగా చేశాడు, తన సొంత చేను అయినట్టు. ఆయన ముక్క దాకా రానేలేదు. ఇదిగో, ఈ శంఖం గట్టు మీద చొక్కాలో చుట్టి ఉంది. నేనే తెచ్చాను, ఎవరికీ ఇవ్వలేదు, నేనూ ఊదలేదు. ఆయన గొయ్యి తవ్వడానికి మాత్రం ఇరవై పారలొచ్చాయి. తెల్లారేసరికి వచ్చారు అందరూ. ఎవడూ సంచి అడగలేదు. గొయ్యి చాలా లోతుగా, చాలా బాగా తవ్వాం.

ఏంటి? మిగతా పదిహేను బారలా? ఆ ఏడు నేను తీశానా అంటావా...

అన్నం మాడు వాసన రావట్లా? లేచి చూడమ్మా. ముందు గిన్నె దించు.