మనవరాలి సంచిలో మీ చాకు

నిన్న, మంగళవారం, ఉదయం తొమ్మిదింపావుకి మనవరాలి బడిలో మీ చాకు పట్టుబడిందండీ. నవ్వకండి! పటంలో ఉన్నంతమాత్రాన మీ నవ్వు నాకు తెలియదనుకున్నారా?

అదేనండీ, పెన్సిళ్లు చెక్కుకునే మడతచాకు. మామయ్యగారు పరీక్షలకు జేబులో వేసుకెళ్లారు, మీరు వేసుకెళ్లారు, మన అబ్బాయీ వేసుకెళ్లాడు. ఒక్కరు తప్పారా? వాడు లెక్కల్లో గట్టెక్కాడంటే అది చాకు చలవ కాక, వాడి తెలివా?

అందుకే సోమవారం సాయంత్రం దేవుడి ముందు పెట్టి, దండం పెట్టుకుని, పిల్ల సంచి అడుగున దోపాను. చెబితే వద్దంటుంది కదా, చెప్పలేదు.

అసలు సంగతి వినండి. గుమ్మంలోనే పిల్లల సంచులు వెతకాలని ఆ బడికి సలహా ఇచ్చిందెవరనుకున్నారు? నేనే! పోయిన నెల పెద్దల సమావేశంలో, నోట్లో నాలుక లేనిదని పేరుపడ్డ నేను, లేచి నిలబడి మరీ అన్నాను. "ఎవరి సంచిలో ఏముందో ఎవరికి తెలుసమ్మా?" అని. ఒకటే చప్పట్లు! ఇంటికొచ్చి దేవుడికి కూడా చెప్పుకుని మురిసిపోయాను.

కబురొస్తే ఆయాసపడుతూ వెళ్లాను. ప్రిన్సిపాలమ్మ బల్ల మీద సంచిలోవన్నీ పరిచి ఉన్నాయి. పళ్లూడిన దువ్వెన, సగం కొరికిన బిస్కెట్టు, ఒంటి మేజోడు. పదిమంది ముందు పిల్లదాని ఒంటి మేజోడు! దాని పక్కన మీ చాకు.

"ఇది తేలేదాకా పరీక్షకు పంపను" అందావిడ. పరీక్ష పదింటికి.

"నాదేనండీ. పెన్సిలు చెక్కుకుందామని తెచ్చా" అంది పిల్ల. నా వైపు చూడనైనా లేదు. ఆ చాకు ఎవరి పెట్టెలోదో దానికి తెలియదా ఏమిటి?

ప్రిన్సిపాలమ్మ నాకు నమస్కారం పెట్టింది. "మీరు చెప్పబట్టే దొరికిందమ్మా" అంది.

నేనేం చేశానో తెలుసా? తలూపాను! రెండు పూటలా దీపం ముందు కూర్చునే మనిషిని, నా చప్పట్లు ఎక్కడ పోతాయోనని పసిదాని చేత అబద్ధం మోయించాను. గోడ గడియారంలో పెద్దముల్లు కదిలింది. పిల్ల బల్ల మీది ఒంటి మేజోడు తీసి గుప్పిట్లో దాచుకుంటోంది.

అప్పుడు పెగిలింది నా నోరు. "అమ్మా, వెతకాల్సింది దాని సంచి కాదు, నా చేతులు. పెట్టింది నేను" అన్నాను. ఇక ఆగితేగా! మామయ్యగారి దగ్గర మొదలుపెట్టి మీ దాకా వచ్చేసరికి, "సరేనమ్మా, సరే! నమ్మాను, ముందు పిల్లని పోనివ్వండి!" అని ఆవిడే చేతులు జోడించింది. పరీక్ష అందింది లెండి. చాకు మాత్రం ఉంచేసుకున్నారు.

ఇక ఈ పొద్దున మనింట్లో తనిఖీ. పిల్ల గుమ్మంలో సంచి బోర్లించి దులిపింది. అబ్బాయి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"నానమ్మా, పిడికిళ్లు విప్పు."

విప్పాను.

"కళ్లజోడు పెట్టె?"

తెరిచాను. కోడలు నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఏమీ దొరకలేదు. పిల్ల నా బుగ్గ గిల్లి, సంచి తగిలించుకుని వెళ్లింది.

మీతో కాకపోతే ఎవరితో చెప్పుకోను? ఇవాళ లెక్కల పరీక్షండీ. సంచి పట్టీ లోపల మీ నీలంచొక్కా బొత్తాం నిన్ననే కుట్టేశాను. బొత్తాం ఎవరినీ కొయ్యదు కదా!