నోటీసు మీద ఉగాది పోస్టర్

నా పేరు కొండవీటి చక్రధర్. వయసు ముప్ఫై రెండు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. భార్య భువనతో బూన్ లేలో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాను. ఇంగ్లీషు వచ్చు గానీ భయంతో నోరు పెగలడం లేదు. అందుకని దర్యాప్తు అధికారి మేడమ్, మీకు ఈ వాంగ్మూలం దుబాసీ శాంతిని గారి ద్వారా తెలుగులోనే చెబుతున్నాను.

మధుసూదనరావు అంకుల్ మా తెలుగు సంఘం పెద్ద. మాకు ఫ్లాట్ చూసిపెట్టింది ఆయనే, ఓనరుకు మా తరఫున పూచీ ఉన్నదీ ఆయనే. ఆయన దగ్గర ఒక ప్రభుత్వ సంస్థ పాత బాండ్లున్నాయి. వాటికి మంచి వడ్డీ. తక్కువ వడ్డీకి కొత్త బాండ్లు అమ్మి, ఆ పాతవి గడువుకు ముందే తీర్చేస్తామని సంస్థ జనం చూసే బోర్డుల మీద నోటీసు పెట్టింది. అలా పెట్టకపోతే కొత్త బాండ్ల అమ్మకం చెల్లదట. అభ్యంతరం ఉన్నవాళ్ళు నెలలోగా కోర్టుకు వెళ్ళవచ్చట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. మేడమ్, తర్వాతే తెలిసింది.

ఫిబ్రవరి 22, శనివారం ఉదయం, అంకుల్‌తో కలిసి జురాంగ్ ఈస్ట్‌లోని కమ్యూనిటీ హాలుకు ఉగాది భోజనాల పోస్టర్ తీసుకెళ్ళాను. నోటీసు బోర్డు మీద పక్కన బోలెడు ఖాళీ ఉంది. అంకుల్ మధ్యలో ఉన్న కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ అంటించవయ్యా, అందరికీ కనబడుద్ది," అన్నారు.

"కింద ఏదో ఉందంకుల్."

"పాతదిలే. ఉగాది అయ్యేదాకా తియ్యకు."

అంటించాను. మామిడికాయ బొమ్మ సరిగ్గా ఆ కాగితం మీదికి వచ్చింది. అంకుల్ బోర్డును ఫోటో తీశారు. గ్రూపులో పెడతారనుకున్నాను. పెట్టలేదు.

మార్చి 14న అంకుల్ నన్ను లాయరు ఆఫీసుకు తీసుకెళ్ళారు. "బోర్డు మీద బాండ్ల నోటీసు చూశావా?"

"లేదంకుల్."

"అదే రాశాం. సంతకం పెట్టు."

"ఒకసారి చదవనా?"

"నా మీద నమ్మకం లేదా ఏంటి?"

లాయరు చూస్తున్నాడు. మొహమాటంతో చచ్చాను. ప్రమాణం చేసి ఆ సాక్ష్య పత్రం మీద సంతకం పెట్టేశాను. నోటీసు అసలు పెట్టనే లేదని, ఇదిగో ఫోటో అని అందులో ఉందట. దాంతో కొత్త బాండ్లు ఆపమని అంకుల్ కేసు వేశారు.

నిన్న హాలు కేర్‌టేకర్ పోస్టర్ పీకితే కింద నోటీసు బయటపడిందని మీరు ఫోన్ చేశారు. భువనకు ఏడో నెల. ఈ దేశంలో ఉద్యోగానికిచ్చిన వర్క్ పాస్ పోతుందా మేడమ్? జైలా? నేను పోస్టరే అంటించాను. పోస్టరే.

అంకుల్‌కు చెబితే, కంగారు పడకు, మీ ఆఫీసు దగ్గర నేను కారులో దింపుతానన్నారు. ఈ ఉదయం సిగ్నల్ దగ్గరల్లా నా భుజం తట్టారు. "పోస్టర్ అక్కడ పెట్టడం నీ ఐడియానే అని చెప్పు. కుర్రాడివి, వదిలేస్తారు. లేకపోతే మీ ఓనరుతో నేను మాట్లాడాల్సొస్తుంది." అప్పుడు అర్థమైంది నాకు. ఐడియా నాది కాదు. వేలు పెట్టి చూపించింది ఆయన.

ఈసారి మొదటి పంక్తి నుంచి చివరిదాకా చదువుకున్నాకే సంతకం చేస్తున్నాను. ఇందులో దాచిందీ లేదు, కల్పించిందీ లేదు.

ఇంకొక్క మాట రాసుకోండి. ఆయన కింద కారులో ఎదురుచూస్తున్నారు. భువన ఇంట్లో ఒక్కతే ఉంది. మా ఫ్లాట్ రెండో తాళంచెవి ఆయన దగ్గరే ఉంది.

(సంతకం)
కొండవీటి చక్రధర్