తోరణం లేని గుమ్మం

ఏడాది చివరి రోజు. జపాన్‌లోని సప్పోరో సందులో సద్దు లేకుండా మంచు పడుతోంది. పార పట్టుకుని బయటికొచ్చిన ఆమెకు, తన గుమ్మం ముందు పక్కింటావిడ మంచు తీస్తూ కనిపించింది.

“ఇదేంటొదినా, ఏటా నీ మంచు కూడా నా వాకిట్లోకే తోసేదానివిగా?”

“చావింటికి ఈపాటి చెయ్యకపోతే ఎలా?”

“చావేంటి! ఎవరు చెప్పారు?”

“కొత్త సంవత్సరానికి గుమ్మానికి గడ్డితోరణం కట్టలేదుగా! చావైన ఇంట్లోనేగా కట్టరు. అడగడానికి నోరు రాలేదు.”

“ఆయన ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. ఏటా కట్టేది ఆయనే. నాకు ఓపిక లేదు.”

“అయ్యో, నా నోరు పడిపోను! ఇటివ్వు, నేను కడతా.”

“చివరి రోజు కడితే అరిష్టం కదా. ఆయనే వచ్చి కడతారులే.”

“ఎప్పుడొస్తారట?”

ఆమె తన పారను గోడకు ఆనించింది.

“డాక్టర్లు చెప్పడంలేదు. అందాకా నువ్వు మంచు తీస్తూనే ఉండు.”