తొందరగా ఎత్తుతాండారు

ప్రొద్దుటూరులో ఒక ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసుకు జమ్మలమడుగు నుంచి ఫోను. సాయంత్రం ఐదున్నర.

“కాదు పాపా, నెట్టు బాగానే వస్తాంది. నా కంప్లైంటు మీ మీద. మీరు శానా తొందరగా ఫోను ఎత్తుతాండారు.”

“తొందరగా ఎత్తడం కంప్లైంటా అమ్మా?”

“అవు. పోయిన నెల పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు ఎత్తేటోళ్ళు కాదు. బాగుండె. ఇప్పుడు రెండు నిమిషాలకే ఎత్తి ఏం కావాలంటారు.”

“మూడు నిమిషాల లోపల ఎత్తకపోతే మాకు మార్కులు కట్ చేస్తారమ్మా. మీ పేరు?”

“షాహీదాబీ. రాసుకో. నీ పేరేంది?”

“అమూల్య. ఈ నెలలో మీరు పందొమ్మిది సార్లు చేసినట్టు ఇక్కడ ఉంది. ప్రతిసారీ ‘సమస్య లేదు’ అని రాసి ఉంది.”

“లేదు గదా మరి. మీరు ఎత్తే లోపల వీణ వస్తాది చూడు, దానికోసరం చేస్తాండా.”

“వెయిటింగ్‌లో వచ్చేదా?”

“అదే. ఆనందభైరవి అంట, మా ఆయన చెప్పినాడు. కమాల్ బాషా అని, నలభై ఏండ్లు గుళ్ళల్లో, పెండ్లిండ్లల్లో సన్నాయి ఊదినాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై మంచంలో ఉండాడు. ఆ వీణ వస్తే దగ్గు కూడా ఆపుకొని వింటాడు.”

“అట్లయితే ఆ వీణ ఫైలు మీ ఫోనుకు పంపిస్తానమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోండి.”

“వద్దు.”

“ఫ్రీనే అమ్మా.”

“ఫ్రీ అయినా వద్దు. యా ఊరు పాపా నీది?”

“పులివెందుల. మాట మార్చాకు అమ్మా. ఎందుకు వద్దు?”

“ఇప్పుడు సక్కంగ మాట్లాడినావు. ఉండు, బయట మెట్ల మీదికి వస్తా... ఆఁ. ఆపరేషన్ చేస్తారేమోనని పెద్దాసుపత్రికి కాయితాలు పంపినాం. చేసేదేం లేదన్నారు. ఆయనకు చెప్పలా నేను. తేదీ ఎప్పుడిస్తారని రోజూ అడుగుతాడు. ఒకనాడు నెట్టు రాక మీకు ఫోను చేస్తే వీణ వచ్చింది. ఫోను ఎవరికి అని అడిగినాడు. ఆసుపత్రోళ్ళకు, లైన్లో ఉండమంటాండారు అని నోట్లోంచి వచ్చేసింది. వింటా వింటా నిద్రపోయినాడు.”

“అంటే ఆసుపత్రి మేమేనా?”

“మీరే. మామూలుగా పెడితే పాట అని తెలిసిపోతాది. లైన్లో వస్తే ఎవరో ఎత్తబోతాండారు అనుకుంటాడు.”

“మరి మేము ఎత్తినప్పుడు?”

“మొన్న ఒకాయన ఎత్తి, బాక్సు ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి అన్నాడు. ఊపిరి మిషను సంగతి అడుగుతాండారు అని మా ఆయనకు చెప్పినా.”

“ఆ వీణ మొత్తం పన్నెండు నిమిషాలమ్మా. నిన్ను లైన్లో పెట్టి నేను మర్చిపోతా. మార్కులు పోతే పోనీ.”

“నీ కడుపు సల్లగుండ. ఫోను దిండు పక్కన పెడతా. పొయ్యి మీద గంజి ఉండాది, చూసి వస్తా... ఇదో చూడయ్యా, ఆసుపత్రోళ్ళు లైన్లో ఉండమంటాండారు. వింటా ఉండు.”

“పాపా, వీణ అప్పుడే పెట్టాకు. నేను కమాల్ బాషాని.”

“సార్... చెప్పండి సార్. ఇక్కడ, మా ఆసుపత్రిలో డాక్టరు గారు...”

“కష్టపడాకులే. వీణ మధ్యలో ఒక పాప వచ్చి నెలకు ఐదు నూర్లకు కొత్త ప్లాను తీసుకోమంటాది. ఆసుపత్రోళ్ళు ప్లాన్లు అమ్ముతారా?”

“మొదట్నుంచీ తెలుసా మీకు?”

“మొదటి దినమే తెలిసె. చేసేదేం లేదన్న సంగతీ తెలుసు.”

“మరి ఆమెకు చెప్పొచ్చు గదా సార్? ఇద్దరూ ఒకరికొకరు...”

“చెప్పాకు. ఇప్పుడు వంటింట్లో కొళాయి తిప్పింది. నాకు వినపడకుండ ఏడ్చేటప్పుడు అట్లనే తిప్పుతాది. వీణ వినపడితే కొళాయి కట్టేసి, వచ్చి నా పక్కన కూర్చుంటాది. పెట్టు పాపా.”