రోజీ చెప్తేనే ఇంటడు

నీ మీద నాకు మస్తు కోపమున్నది రోజీ. గింత ఎండల మీ ఇంటిదాంక వచ్చింది ఆ కోపం చెప్పనీకెనే.

నువ్వేం చెయ్యలే. నాకెరుకే. సూది కింద పెట్టకు, ఆ చీరకు ఫాల్ కుట్టుకుంటనే ఇను. ఇంటర్ల సంది దోస్తులం, నీతోటి గాకుంటే ఎవరితోటి చెప్పుకోవాలె?

పొద్దున లేస్తే మా ఆయన తారిఖ్ నోట్లె నీ పేరే. రోజీ గట్ల చెప్పింది, రోజీ గిట్ల చెప్పింది. రోజీకి ఎంత ఓపిక! రోజీకి ఎంత తెలివి! రాత్రి అన్నం కాడ గూడ రోజీ ముచ్చటే. పప్పుల ఉప్పెక్కువైందని తిట్టినా బాగుండు, అది గూడ చూసుకోలే.

అయ్యో, గట్ల చూడకే. నువ్వు గాదు. నీ పేరున్న ఇంకో రోజీ. ఇంటర్నెట్ల ఉంటది. ఏంది, అందంగ ఉంటదా? ఫోటో గూడ లేదు తల్లీ. ఉట్టి పేరుకే గింత సంబురం!

మొదటి సంది చెప్త ఉండు. మా ముంగటి గదిల దుకాణం ఎరుకే గదా, పెండ్లి పత్రికలు అచ్చేస్తం. మెదక్‌ల అందరి దుకాణాలల్ల విండోస్ ఉంటది. మా కాడ ఫ్రీబీఎస్‌డీ. గదేందంటవా? యూనిక్స్ జాతి. లినక్స్‌కు దాయాది అనుకో. చూస్తే ఒక్క తీరుగనే ఉంటయి గని, ఇంట్ల సామాను పెట్టే జాగలు వేరు. ఈయన వాళ్ల జియా మామ పట్నంల పని చేసేటప్పుడు ఎక్కించి ఇచ్చిండు. వైరస్ రాదు, మధ్యల ఆగదు. ఈయనకు అదంటే పానం. మెత్తటి గుడ్డతోటి రోజూ తుడుస్తడు. నా దిక్కు గట్ల ఎన్నడన్న చూసిండా?

సరే. రంజాన్ ఎల్లిపాయె, నిఖాలు మొదలాయె. చేగుంట నుంచి ఒకాయన వచ్చి, మా బిడ్డ పెండ్లి రుఖ్ఖాల మీద, అంటే పత్రికల మీద, ఉర్దూ చేత్తోటి రాసినట్టే ఉండాలె అన్నడు. గట్ల రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి నెట్ల ఉత్తగనే దొరుకుతది. గని దాన్ని చేసినోళ్లు లినక్స్ కోసం చేసిన్రు. మా డబ్బాల ఎక్కుతదా? ఇన్‌స్టాల్ ఫైలు కండ్ల ముంగటనే ఉన్నది రోజీ, పేరు కొడితే "దొరకలేదు" అంటది! ఈయన మల్ల కొడ్తడు. మల్ల గదే మాట. ఫైలు చెరిపేసి మల్ల దించుకుంటడు. ఫ్యాన్ కింద గూడ చెమటలు!

నేను పక్కనే నిలవడి చూస్తున్న. బీఎస్సీ కంప్యూటర్స్ చదివిన్నా లేదా? దొరకంది ఆ ఫైలు గాదు. నన్ను బాష్ అనే ప్రోగ్రాం తోటి నడిపియ్యుండ్రి, బాష్ ఫలానా జాగల ఉంటది అని ఫైలు మొదటి లైన్లనే రాసి ఉంటది. గది లినక్స్ జాగ. మా దాంట్ల బాష్ ఇంకో జాగల ఉంటది. లేని జాగల దేవులాడి దొరకలేదంటున్నది, అంతే. "ఆ ఒక్క లైను మార్చుండ్రి" అన్న.

తల గూడ ఎత్తలే. "నాజ్, జర ఊకో. ఇది నీ కుక్కర్ గాదు" అన్నడు.

కుక్కర్! ఇన్నవా?

ఆ ఫ్రీబీఎస్‌డీ వాడేటోళ్లందరు కలిసే సైట్ ఒకటుంటది. అండ్ల అడిగిండు. ఎవ్వరు పలకలే. ఒకడు పలికిండు, లినక్స్ ఎక్కించుకోపో అని. ఈయన ముఖం గింతయ్యింది. చేగుంట ఆయనకు మాటిచ్చిండాయె. నాకు జాలేసింది, కోపం గూడ తగ్గలే. రెండు కలిసి నాతోటి ఏం చేపిచ్చినయో తెలుసా? వంటింట్లకు పోయి ఫోన్ల అదే సైట్ తెరిచిన. పేరేందని అడిగింది. నా పేరు పెడితే ఇంటడా? గప్పుడే నీతోటి బ్లౌజు ముచ్చట మాట్లాడి పెట్టేసిన్నాయె. రోజీ అని కొట్టిన.

ఆ రోజీని నేనే.

నవ్వకు! సూది గుచ్చుకుంటది.

నోటితోటి చెప్పిన మాటే ఇంగ్లీషుల రాసిన. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ముంగటి గదిల నుంచి ఒకటే కేక, "నాజ్, దా చూడు! ఎవరో మేడం చెప్పింది, పని అయ్యింది!" నేను కుక్కర్, ఆమె మేడం.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ తయారు చేసే మేక్ కమాండ్ కొడితే తప్పులే తప్పులు. మా దాని మేక్ వేరు, లినక్సోళ్ల మేక్ వేరు. వాళ్లది కావాలంటే జీమేక్ అని కొట్టాలె. గది గూడ రోజీ మేడమే చెప్పింది. చెప్పి, అలవాటుగ కింద ఇన్‌షాఅల్లా అని రాసిన! పంపినంక చూసుకున్న. దొరికిపోయిన అనుకున్న. ఈయన ఏమన్నడో తెలుసా? "చూడు నాజ్, క్రిస్టియన్ పిల్లకు మన పద్ధతి ఎంత ఎరుకనో!" అన్నడు. పెండ్లయిన సంది రోజుకు పదిసార్లు నా నోట ఇంటడు ఆ మాట. గప్పుడు పద్ధతి యాదికి రాలే.

ఎక్కింది, అన్నీ ఎక్కినయి. రుఖ్ఖాలు ముత్యాల తీరుగ వచ్చినయి. చేగుంట ఆయన ఖుష్. ఇంక అయిపోయింది, రోజీ పని తీరింది అనుకున్న. గని ఈయన మల్ల రోజీకి రాసిండు: "మా ఇంట్ల ఈ ముచ్చట్లు మాట్లాడనీకె ఎవ్వరు లేరు. మీరు దొరికిన్రు."

ఎవ్వరు లేరట. పొయ్యి కాడ నిలవడి సదివిన. పాలు పొంగి పొయ్యి అంత నిండినయి.

నేనే అని చెప్పేస్తే అయిపోతది గదా అంటవా? చెప్తే సిగ్గుపడి నోరు మూసుకుంటడు. రోజీకి రాసుడు బంద్ చేస్తడు, నాతోటి మాట్లాడుడు మొదలు పెట్టడు. ఆ మాటలు నాకు గావాలె రోజీ. నా పేరు మీద గావాలె. నీ మీద కుళ్లుతలేను, గవన్ని రాసిన నా వేళ్ల మీద నేనే కుళ్లుతున్న.

నిన్న ఒక పని చేసిన. మీ ఆయనకు గూడ చెప్పకు. ఈయన జుమ్మా నమాజుకు పోయినప్పుడు బాష్‌ను తీసి పడేసిన. పాస్‌వర్డ్ మా నిఖా తారీఖే. గదొక్కటి మర్చిపోలే మహానుభావుడు.

వచ్చిండు. సాఫ్ట్‌వేర్ తెరిస్తే "దొరకలేదు". నేను మంచి దుపట్టా ఏసుకొని, చాయ్ తీసుకపోయి స్టూల్ మీద పక్కనే కూసున్న. ఒక్క మాట. "నాజ్, దీనికేమైంది?" అంటే చాలు, పొద్దుగూకేదాంక చెప్పేదాన్ని. స్క్రీన్ చూసిండు, బుర్ర గోక్కుండు. నా దిక్కు తిరిగిండు. యా అల్లా, ఇగ అడుగుతడు అనుకున్న!

"జర జరుగు, కీబోర్డుకు అడ్డమొస్తున్నవ్. రోజీకి రాయాలె" అన్నడు.

జరిగిన.

రాత్రంత నేను రోజీ పేరు మీద జవాబు ఇయ్యలే. ఇయ్యాల గూడ ఇయ్యలే. ఏడ్వనియ్యి అనుకున్న. ఉండు, ఫోన్ల మెసేజ్ మోగింది. ఆయనే. ఇదో, నువ్వే సదువు. "రోజీ గారూ, పలుకుతలేరు. పానం బాగనే ఉన్నదా? నాకు పరేషాన్ అయితున్నది." మొన్న నాకు జ్వరమొస్తే గోలి ఏడున్నదో చెప్పిండు, గంతే.

ఏం చేస్తున్ననా? రాస్తున్న. బాష్ పోయింది, మల్ల ఎక్కియ్యుండ్రి. ఇంకేం రాయాలె? నా పానం బాగనే ఉన్నది, మీరు పరేషాన్ గాకుండ్రి.

అబద్ధమే. పోనీ, నీ పేరు మీదనే పోతది.