పద్నాలుగు నెలల ఖాళీ

మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర భర్త చేత ఇంటర్వ్యూకి రిహార్సలు చేయిస్తోంది భార్య.

"మళ్ళీ నసుగుతున్నారు! గోడౌన్ సూపర్‌వైజర్‌గా పదకొండేళ్ళు చేశారు. తర్వాత పద్నాలుగు నెలలు ఖాళీ. ఏం చేశారు?"

"ఇంటి బాధ్యతలు..."

"ఏం బాధ్యతలు? నేనిప్పుడు మీ పెళ్ళాన్ని కాదు, మేనేజర్ని. నా మొహం చూసి చెప్పండి."

"ఒంట్లో బాగోలేని మనిషిని చూసుకున్నాను సార్."

"అబ్బో! ఎవరా మనిషి?"

"ఇక చాల్లే. కాఫీ పెట్టు."

"పద్దెనిమిదేళ్ళుగా నేనే పెడుతున్నాను. ఒక్కరోజైనా మీరు పెట్టారా? ముందు ఇది తేల్చండి. ఈ ఖాళీ చూసే కదా ఏడుచోట్ల వెనక్కి పంపారు?"

"అందుకే జబ్బు అని రాయమన్నాడు, బయోడేటా కొట్టిన జిరాక్స్ షాపాయన."

"అబద్ధమా! సరే, పోన్లెండి. అత్తయ్య పేరు రాశారా?"

"అమ్మ పోయినప్పుడు పాత కంపెనీలో సెలవు పెట్టాను. ఆ లెటరు ఫైల్లోనే ఉంది. దొరికిపోనూ?"

"మరెవరికి జబ్బు? చెప్పరేం?"

"నీకు."

"నాకా! దుక్కలా ఉన్నాను. ఏం జబ్బు అంటగట్టారు?"

"కిడ్నీలు."

"నా ఖర్మ! సరే, మీ ఆవిడకిప్పుడెలా ఉందంటారు. ఏం చెప్తారు?"

"పోయిన వారమే ఎనిమిదో చోట అడిగారు."

"ఏమన్నారు?"

"తగ్గిందనే అన్నాను. మళ్ళీ తిరగబెడితే సెలవులంటావుగా అన్నాడు మేనేజరు. ఫైలు మూసేయబోయాడు."

"అయితే?"

"ఆ కంగారులో... నిజానికి తగ్గలేదు సార్, ఇక రోజులు లెక్కపెట్టుకోమన్నారు డాక్టర్లు అనేశాను."

"ఏమండీ! నోరెలా వచ్చింది?"

"మేనేజరు లేచొచ్చి భుజం తట్టాడు. ఆయన భార్యా జబ్బుతోనే పోయిందట. అన్నీ అయ్యాక చేరు, ఉద్యోగం నీదే అన్నాడు."

"అందుకా నా ఫొటో పెద్దది చేయించారు? ఇన్నాళ్ళకి ప్రేమొచ్చిందని మురిసిపోయాను కదండీ!"

"ఫ్రేముకిచ్చాను."

"నాకు ఒంట్లో బాగోలేదని మా అక్కకి కూడా చెప్పమన్నారు. వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళడం తప్పుతుందన్నారు..."

"చెప్పావా?"

"చెప్పాను. మీరు చెప్పమంటేనే చెప్పాను! రేపే ఆ మేనేజరు దగ్గరికి నేనొస్తాను. నిక్షేపంలా ఉన్నానని చెప్తాను."

"చెప్తే ఎనిమిదోది కూడా పోతుంది. నాకు నలభై ఆరు. తొమ్మిదో చోటు లేదు."

"అయితే పోయిందని ఊరికే చెప్పేయండి. నేను అక్కావాళ్ళింట్లో ఉంటాను."

"మాట చాలదట. చనిపోయినట్టు కాగితం కావాలట. ఒకటో తారీకు లోపల."

"జిరాక్స్ ఆయన్నే అడగండి! ఏదో ఒకటి పుట్టిస్తాడు."

"అడిగాను. నంబరు కంప్యూటర్లో కొట్టి సరిచూస్తారట. అసలుదే ఉండాలట."

"అసలుది ఎలా వస్తుందండీ, నేను బతికుండగా? ... ఏమండీ, అలా చూస్తారేం? ... ఎక్కడికి లేస్తున్నారు?"

"నువ్వు కూర్చో. కాఫీ ఇవాళ నేను పెడతాను."