కిటికీకి మేకులు కొట్టిన కోటిలింగం

కోటిలింగం అని ఒకడుండేవాడంట. మనిషి మంచోడే, చెప్తే వినడు, అంతే. లేకలేక పుట్టిన కూతురు శేషారత్నం అంటే పంచప్రాణాలు. దీపాలవేళ మనం దొడ్డి తలుపేస్తాం కదా, లచ్చిందేవి అటు పోద్దని? వీడేం అనుకున్నాడంటే, లచ్చిమి తలుపులోంచి పోతే సరస్వతి కిటికీలోంచి పోదా అని! పిల్ల చదువుకునే గదికున్న ఒక్క కిటికీకీ చెక్కలేసి మేకులు కొట్టేశాడంట. చోటుంది కదా అని ఎండు మిరపకాయల బస్తాలు, పాత గోనెలు కూడా అందులోనే పడేశాడు. పెళ్లాం సామ్రాజ్యం ఊడుద్దామని పోతే, "చదువుకునే చోట చీపురేంటే, చదువంతా ఊడ్చుకుపోద్ది!" అనేవాడంట. వినండి ఆ తెలివి!

ఇంకేముంది, ఆ పిల్ల పుస్తకం తీస్తే తుమ్ము, పేజీ తిప్పితే దగ్గు. "ఊపిరాడట్లేదు నాన్నా" అంటే, "చదువంటే అంత తేలికా తల్లీ" అనేవాడు. క్లాసులో ముందుండే పిల్ల కాస్తా వెనకబడిపోయింది. ఒకరోజు ఏమైందంటే, పుస్తకాల సంచి తెచ్చి అయ్య ముందు పెట్టి, నాకు చదువు రాదులే నాన్నా, రేపట్నుంచి మిరపకాయలు కొయ్యడానికి పోతా అందంట. ఇక కోటిలింగం, నా బిడ్డకి దిష్టి తగిలిందే అని ఒకటే ఏడుపు.

"దిష్టే అంటావా? అయితే మిరపకాయలు తిప్పి ఆ గదిలోనే కాల్చి చూడు" అంది సామ్రాజ్యం. దిష్టి ఉంటే కాయ కాలినా ఘాటు రాదంటారుగా. సరే, పిల్లకి తిప్పిన కాయల్ని నిప్పుల మూకుట్లో వేసుకుని గదిలోకి పోయాడు. ఆవిడేం చేసిందనుకున్నారు? బయట గొళ్లెం పెట్టింది! ఘాటంటే ఘాటా అది! "తలుపు తియ్యవే, చచ్చేట్టున్నా!" అని వీడు. "తీస్తే సరస్వతి పోద్దిగా!" అని ఆవిడ. ఇక లాభం లేదని కాలెత్తి కిటికీ చెక్కల్ని ఒక్క తన్ను తన్ని, తల బయటికి పెట్టాడంట. చల్లగాలి మొహాన కొట్టింది. ఎదురుగా పెరట్లో కూతురు.

"ఇన్నాళ్లూ దీంట్లో ఎట్టా కూచున్నావే తల్లీ?"

"నువ్వు కూచోమన్నావుగా నాన్నా."

అప్పుడేడ్చాడు చూడండి, ఆ ఏడుపు మిరపకాయలది కాదు. ఆ పూటే బస్తాలు కొట్టంలోకి మోశాడు, చీపురు తనే పట్టాడు. పిల్ల మళ్లీ పుస్తకం పట్టింది.

నవ్వుతున్నారు గానీ, ఎవరింట్లో పిల్లల చదువుగదిలో ఏమేం దాచారో నాకు తెలీదనుకున్నారా? లేవండిక, పోయి ముందు కిటికీలు తీసుకోండి.